మనుగుడుపుల నుంచి హనీమూన్ దాకా

పెళ్ళి కుదిరిందంటే ఇదివరకు మూడే ప్రశ్నలు. ముహూర్తం ఎప్పుడు, పెళ్ళి ఎక్కడ, వంటవాళ్ళు ఎవరు అని. ఇప్పుడు నాలుగో ప్రశ్న ఒకటి వచ్చి పీట వేసుకుని కూర్చుంది. పిల్లలిద్దరూ హనీమూన్‌కి ఎక్కడికి వెళ్తున్నారు? మా ఖైరతాబాద్ నుంచి ఆబిడ్స్ వైపో, నాంపల్లి వైపో వెళ్ళి ఏ ట్రావెల్స్ ఆఫీసు మెట్లెక్కినా రెండు రకాల రంగుల కాగితాలు చేతిలో పెడతారు. ఒకదాని మీద కొబ్బరిచెట్లు, తెల్లటి ఇసుక, నీళ్ళ మీద కట్టిన కుటీరం. అది రిసార్టు. రెండోదాని మీద పదంతస్తుల మేడ లాంటి ఓడ. అది క్రూజు. రెండింటి మీదా పెద్ద అక్షరాలతో ఒకే మాట ఉంటుంది: అన్నీ కలిపి ఒకే ధర.

"ఈ రెండింట్లో ఏది మేలో మీరు రేడియోలో చెప్పకూడదా?" అని నన్ను అడిగిన తల్లులున్నారు. అమ్మాయిలూ ఉన్నారు. తప్పకుండా చెబుతాను. అయితే బజారుకెళ్ళి కూర కొనేటప్పుడే నాలుగు కాయలు తిరగేసి చూస్తాం కదా, ఇంత డబ్బు పోసి కొనే ముచ్చటని ముందూ వెనకా చూడకుండా ఎలా కొంటాం? అంచేత ముందు ఈ హనీమూన్ అనేది మన ఇళ్ళలోకి ఎలా వచ్చిందో కాస్త వెనక్కి వెళ్ళి చూద్దాం. ఆ తరువాత నా మాట చెబుతాను. ఒప్పుకోవడం, ఒప్పుకోకపోవడం మీ ఇష్టం.

అన్నీ కలిపి ఒకేచోట అమర్చిపెట్టడం మనకి కొత్త కాదండీ. దాని పేరు మనుగుడుపులు. పెళ్ళయ్యాక కొత్త అల్లుణ్ణి అత్తవారింట్లో కొన్నాళ్ళు ఉంచుకుని విందులు చేయడం మన పాత ఆచారం. పొద్దున్నే తలంటు, కొత్త పంచె, పూటకో పిండివంట, మధ్యాహ్నం బావమరుదులతో చదరంగమో, పేకాటో, సాయంత్రం చుట్టాల ఇళ్ళకి పిలుపులు. అల్లుడుగారు చెయ్యి కడుక్కోవడానికి లేస్తే చెంబుతో ఒకరు, తువ్వాలుతో ఒకరు. ఆయన పైసా తీయనక్కర్లేదు. ఇంతకన్నా అన్నీ కలిపిన రిసార్టు ఎక్కడుంటుంది చెప్పండి! మహరాజు భోగం.

ఏమాటకామాటే చెప్పుకోవాలి. ఆ భోగమంతా అల్లుడికే. పిండివంటలకి పప్పు రుబ్బే ఆడవాళ్ళకి ఆ నాలుగు రోజులూ నడుం వంగిపోయేది. ఖర్చుకి మామగారు అప్పు చేసేవాడు. ఇక ఎవరి పేరు మీద ఈ వైభవమంతా జరుగుతోందో ఆ పెళ్ళికూతురు తలుపు చాటున ఉండేది. మా అమ్మమ్మది గోదావరి జిల్లా. ఆవిడ చెప్పేది, మనుగుడుపుల రోజుల్లో తాతగారికి ఏ కూర ఇష్టమో ఇంట్లో అందరికీ తెలుసు గానీ ఆవిడకి మాత్రం ఆయన గొంతే సరిగ్గా తెలియదని. ఆ ఏర్పాటులో అన్నీ ఉండేవి. ఇద్దరూ కూర్చుని మాట్లాడుకునే సావకాశం ఒక్కటే లేదు.

లేకపోవడానికి కారణం ఉంది. చాలా కులాల్లో పెళ్ళినాటికి ఆడపిల్ల పిల్లే. పెళ్ళి ఒకప్పుడు, కాపురానికి పంపడం మరొకప్పుడు. మధ్యలో ఏళ్ళ తేడా. 1891లో తెల్లదొరల ప్రభుత్వం కాపురానికి కనీస వయసు పదేళ్ళ నుంచి పన్నెండుకి పెంచినందుకే దేశంలో పెద్ద గొడవ జరిగిందంటే ఊహించుకోండి. 1929లో శారదా చట్టం వచ్చి బ్రిటిషు ఇండియాలో అమ్మాయికి పద్నాలుగు, అబ్బాయికి పద్ధెనిమిది అన్నారు. 1978 సవరణతో అది పద్ధెనిమిది, ఇరవై ఒకటి అయింది. ఒక మగవాడూ ఆడదీ పెళ్ళయిన మర్నాడు పెట్టె సర్దుకుని ఇద్దరే ప్రయాణం కట్టాలంటే ముందు ఆ ఆడది ఎదిగిన మనిషి అయి ఉండాలి కదా. అంచేత మన దేశంలో హనీమూన్‌కి దారి వేసింది ట్రావెల్స్ కంపెనీలు కావు. ముందుగా దారి వేసింది ఆడపిల్ల పెళ్ళి వయసు పెరగడం, ఆమె బడికి వెళ్ళడం.

మనుగుడుపుల ముచ్చటకి తోడు ఇంకొకటి ఉండేది. అలకపాన్పు. అయిదు రోజుల పెళ్ళిళ్ళలో పెళ్ళికొడుకు అలిగి పాన్పెక్కి కూర్చునేవాడు. అడిగినది ఇస్తేగాని దిగడు. అది వేడుకే, అందరూ నవ్వేవారు. కానీ కాలం మారేకొద్దీ అడిగే వస్తువు మారింది. ఉంగరం అయింది, చేతి గడియారం అయింది, సైకిలు, రేడియో, స్కూటరు అయింది. నవ్వులు తగ్గి లెక్కలు పెరిగాయి. ఈ అలకపాన్పుని కొంచెం జ్ఞాపకం పెట్టుకోండి. చివర్లో దీనితో మనకి పని ఉంది.

మరి నీటి ప్రయాణం సంగతేమిటి? ధవళేశ్వరం ఆనకట్ట పని 1847లో మొదలై 1852లో పూర్తయ్యాక గోదావరి డెల్టాలో కాలవలు ఊరూరా పారాయి. అవి పొలాలకి నీళ్ళే కాదు, పడవలకి దారి కూడా అయ్యాయి. రైలూ బస్సూ లేని రోజుల్లో పెళ్ళివారు పడవల్లోనే తరలి వెళ్ళేవారు. గట్టు మీద మనుషులు తాడు పట్టి లాగుతుంటే పడవ తాపీగా సాగేది. కొత్త కోడలు సారెతో, చలిమిడితో, కళ్ళ నిండా నీళ్ళతో అత్తవారింటికి వెళ్ళింది ఆ పడవలోనే. పెళ్ళి తరువాత పడవ ప్రయాణం అనేది మన ఆడవాళ్ళకి అలా పుట్టిల్లు విడిచిపెట్టే ప్రయాణం. విహారం కాదు.

సముద్రం మాట అసలే వేరు. సముద్రం దాటితే కులం పోతుందన్న నమ్మకం ఒకవైపు, దాటకపోతే పొట్ట గడవని బతుకు మరొకవైపు. చెరుకు తోటల్లో పనికి ఒప్పంద కూలీలను మోసుకుని ట్రూరో అనే ఓడ మద్రాసు నుంచి బయలుదేరి 1860 నవంబరు 16న దక్షిణాఫ్రికాలోని డర్బను చేరింది. ఆ తరువాత వెళ్ళిన ఓడల్లో మన తెలుగు జిల్లాలవాళ్ళు వేలమంది ఉన్నారు. మారిషస్‌కి వెళ్ళారు, ఫిజీకి వెళ్ళారు. కాకినాడ, విశాఖపట్నం రేవుల నుంచి స్టీమరెక్కి రంగూనుకి వెళ్ళినవాళ్ళ లెక్కకి అంతే లేదు. కోరంగి రేవు పేరు మీద బర్మాలో మనవాళ్ళని కోరంగీలనే పిలిచేవారు. వాళ్ళలో చాలామందిది పైకప్పు లేని డెక్కు మీద ప్రయాణం. ఎండా వానా నెత్తి మీదే. మొగుణ్ణి ఓడెక్కించి ఒడ్డున నిలబడిపోయిన భార్యలు ఉత్తరాంధ్రలో ఎన్ని ఊళ్ళలో ఉన్నారో! 1942లో జపాను సేనలు బర్మాలోకి వచ్చినప్పుడు ఓడలు చాలక, అడవుల దారిన కాలినడకన తిరిగి వచ్చినవాళ్ళూ ఉన్నారు. మన ఇళ్ళలో ముసలివాళ్ళు ఓడ అనగానే దిగులుపడడానికి ఈ చరిత్ర అంతా వెనక ఉంది. దాన్ని చాదస్తమని కొట్టిపారేయకండి.

ఇటు మన సంగతి ఇలా ఉండగా అటు ఇంగ్లండులో ఏమి జరిగిందో చూద్దాం. హనీమూన్ అన్న మాట ఆ దేశంలో 1500ల నాటికే ఉంది. కాని అప్పుడది ప్రయాణం కాదు, కాలం. కొత్త దంపతుల ప్రేమ మొదట తేనెలా ఉంటుంది, తరువాత చంద్రుడిలా క్షీణిస్తుంది అని వేళాకోళంగా వాడిన మాట. చూశారా, దీవెన లాంటి మాట అనుకున్నాం, అది ఎత్తిపొడుపు! 1800ల తొలినాళ్ళలో కాస్త కలిగినవాళ్ళు పెళ్ళయ్యాక బండి కట్టుకుని, పెళ్ళికి రాలేకపోయిన చుట్టాల ఇళ్ళకి వెళ్ళి వచ్చేవారు. ఒక్కొక్కసారి వెంట చెల్లెలో, స్నేహితురాలో కూడా ఉండేది. అంటే అక్కడా ఏకాంతం తరువాతే వచ్చింది. మొదట వచ్చినవి చుట్టరికాలే.

రైలు వచ్చి కథ మార్చింది. 1841 జూలై 5న థామస్ కుక్ అనే ఆయన లెస్టరు నుంచి లాఫ్‌బరో అనే ఊరికి అయిదువందల మందిని ఒక ప్రత్యేక రైలులో తీసుకెళ్ళాడు. మనిషికి ఒక షిల్లింగు. సారా మానిపించే సభకి తీసుకెళ్ళడం ఆయన ఉద్దేశం. తరువాత తరువాత రైలు, బస, భోజనం అన్నీ ఆయనే కుదిర్చి ఒకే ధరకి అమ్మడం మొదలెట్టాడు. ఇవాళ మనం ప్యాకేజీ అంటున్నామే, దాని బీజం అదే. సారా వద్దనే సభ కోసం మొదలైన పద్ధతిలో ఇవాళ మందు కూడా కలిపి అమ్ముతున్నారు. కాలం చేసే చమత్కారాలు ఇలాంటివి.

ఓడ విహారం పుట్టుక ఇంకా విచిత్రం. జర్మనీలో ఒక ఓడల కంపెనీని నడిపిన ఆల్బర్ట్ బాలిన్‌కి చలికాలం వస్తే దిగులు. అట్లాంటిక్ సముద్రం మీద ఆ నెలల్లో ప్రయాణీకులు దొరికేవారు కాదు. ఖాళీగా ఉన్న ఓడకి కూలి గిట్టాలి కదా! 1891 జనవరిలో ఆగస్టా విక్టోరియా అనే ఓడలో 241 మందిని ఎక్కించుకుని మధ్యధరా సముద్రం చుట్టూ రెండు నెలలు తిప్పి తెచ్చాడు. ఎక్కడికీ చేరడం కోసం కాకుండా తిరగడం కోసమే ఓడెక్కడం అలా వాడుకలోకి వచ్చింది. 1900లో కేవలం విహారం కోసమే ఒక ఓడ కట్టించాడు. మళ్ళీ 1958లో జెట్ విమానాలు అట్లాంటిక్ దాటడం మొదలయ్యాక పెద్ద ఓడలన్నీ ఖాళీ అయిపోయాయి. అప్పుడు కంపెనీలవాళ్ళు వాటిని తేలియాడే హోటళ్ళుగా మార్చారు. 1977లో అమెరికా టెలివిజన్‌లో లవ్ బోట్ అనే ధారావాహిక వచ్చాక, ప్రేమకీ ఓడకీ ముడి పడిపోయింది. అంటే రెండుసార్లూ క్రూజు వ్యాపారాన్ని నడిపించింది ఖాళీ గదులు నింపుకోవాలన్న అవసరమే. ప్రేమకథలు ఆ తరువాత వచ్చి చేరాయి.

రిసార్టుకీ ఒక కథ ఉంది. 1950లో జెరార్డ్ బ్లిట్జ్ అనే బెల్జియం దేశస్థుడు స్పెయిన్‌కి చెందిన మయోర్కా దీవిలో సముద్రపు ఒడ్డున గుడారాలు వేశాడు. యుద్ధంలో నలిగిపోయిన జనం నాలుగు రోజులు చీకూ చింతా లేకుండా గడపాలని ఆయన ఆలోచన. ఒకసారి డబ్బు కడితే తిండీ, ఆటలూ అన్నీ అందులోనే. అది క్లబ్ మెడ్ అనే పెద్ద సంస్థ అయింది. 1981లో జమైకాలోని మాంటెగో బే ఊళ్ళో శాండల్స్ అనే రిసార్టు జంటలకి మాత్రమే అని బోర్డు కట్టింది. మన పొరుగునున్న మాల్దీవుల్లో మొదటి రిసార్టు 1972లో ముప్ఫై గదులతో మొదలైంది. అక్కడ ఒక దీవికి ఒక రిసార్టు. ఊరిజనం ఉండే దీవులు వేరు, యాత్రికులు ఉండే దీవులు వేరు. 2009 తరువాతనే ఊళ్ళున్న దీవుల్లో కూడా చిన్న బసలకి అనుమతి వచ్చింది. తెలుసుకోవలసిన సంగతి ఇది. ఎందుకంటే ఆ చిన్న బసల్లో ఖర్చు తక్కువ, అక్కడి మనుషుల ముఖాలూ కనిపిస్తాయి.

ఇక మన హైదరాబాదు సంగతికి వద్దాం. సికింద్రాబాదుకి 1874లోనే రైలు వచ్చింది. నాంపల్లి స్టేషను 1907లో తెరిచారు. రైలు వచ్చినా, కొత్త దంపతులు ఇద్దరే ప్రయాణం కట్టడానికి ఇంకా చాలాకాలం పట్టింది. పెళ్ళయ్యాక మొదటి ప్రయాణం దేవుడి దగ్గరికే. తిరుపతో, యాదగిరిగుట్టో, శ్రీశైలమో. అదీ పెద్దవాళ్ళు వెంట ఉండగా. తెల్లదొరలు తమ కోసం కట్టుకున్న చల్లటి కొండ ఊళ్ళు స్వరాజ్యం వచ్చాక మనవాళ్ళవి అయ్యాయి. నీలగిరి రైలు 1908లో ఊటీ దాకా చేరింది. కడప కలెక్టరుగా పనిచేసిన హార్సిలీ దొర పేరు మీద మన చిత్తూరు వైపు హార్సిలీ కొండలున్నాయి. ఉద్యోగస్థులైన కొత్త దంపతులు నాలుగు రోజుల సెలవు పెట్టి ఊటీ వెళ్ళడం, ఇంకాస్త కలిగినవాళ్ళు కాశ్మీరు వెళ్ళి దాల్ సరస్సులో పడవ ఇంట్లో ఉండి రావడం ఒక మర్యాద అయింది. ఆలోచిస్తే ఆ పడవ ఇల్లు రిసార్టూ ఓడా రెండూ కలిసినదే సుమండీ! కదలదు గానీ నీళ్ళ మీద ఉంటుంది.

ఊటీకి వెళ్ళలేనివాళ్ళకి ఊళ్ళోనే ఏర్పాట్లుండేవి. నాంపల్లిలో పబ్లిక్ గార్డెన్స్ ఉంది. అక్కడే 1938లో మొదలైన నుమాయిష్ 1946 నుంచి ఇప్పుడున్న మైదానంలో జరుగుతోంది. ఏటా జనవరి ఒకటిన మొదలయ్యే ఆ సంతకి కొత్త జంటలు రావడం ఇప్పటికీ చూస్తాం. మా అమ్మకి పెళ్ళయింది 1970లలో. తిరుపతి వెళ్ళి వచ్చాక ఒక సాయంత్రం నుమాయిష్‌కి వెళ్ళారట. రంగులరాట్నం పైకెక్కి ఆగినప్పుడు మా నాన్నగారు భయపడి, మొదటిసారి ఆవిణ్ణి పేరు పెట్టి పిలిచారట. ఆ టిక్కెట్టు ఖరీదు ఎంతో ఆవిడకి జ్ఞాపకం లేదు. పిలుపు జ్ఞాపకం ఉంది.

నీటి విహారం కూడా మెల్లగా మన వేడుకల్లో చేరింది. నాగార్జునసాగరుకి 1955 డిసెంబరులో పునాదిరాయి వేశారు. 1967లో కాలవలకి నీళ్ళు వదిలారు. మునిగిపోయే లోయలోంచి తవ్వి తీసిన బౌద్ధ శిల్పాలను నాగార్జునకొండ మీది మ్యూజియంలో పెట్టారు. దాన్ని చూడాలంటే లాంచీ ఎక్కాల్సిందే. అప్పటినుంచి హైదరాబాదు జంటలకి సాగరు లాంచీ ఒక ముచ్చట. 1973లో వచ్చిన బాపూరమణల అందాల రాముడు సినిమా అంతా గోదావరి మీద లాంచీ ప్రయాణమే. అది చూశాక పాపికొండలు చూడాలని ఎంతమంది కొత్త కోడళ్ళు కలలు కన్నారో! చివరికి 2022 జూన్‌లో కార్డీలియా వారి విహార నౌక విశాఖపట్నం నుంచి పుదుచ్చేరి, చెన్నై వైపు ప్రయాణం కట్టింది. 2023 సెప్టెంబరులో విశాఖ రేవులో ఇలాంటి ఓడల కోసమే ఒక టెర్మినల్ తెరిచారు. తాతల తరం కూలికి ఓడెక్కిన ఊరు నుంచే మనవరాలు విహారానికి ఎక్కింది. ఇది చిన్న మార్పు కాదు.

ఇప్పుడు అసలు ప్రశ్న. రిసార్టా, ఓడా?

ముందు కాగితం, పెన్సిలు తెచ్చుకోండి. రెండు వరసలు గీయండి. ఒకదానిలో ధరలో కలిసినవి, రెండోదానిలో కలవనివి. ట్రావెల్స్‌వాళ్ళ చేతే రెండో వరస చెప్పించండి. ఓడ టిక్కెట్టులో సామాన్యంగా గది, భోజనం, సాయంత్రం ఆటపాటలు కలుస్తాయి. రేవు సుంకాలు, పన్నులు, పనివాళ్ళకి ఇచ్చే బక్షీసులు, మద్యం, ఇంటర్నెట్టు, ఓడ ఆగినచోట ఊరు చూపించే బస్సు, ఇవి చాలాసార్లు వేరు. తక్కువ ధర గదికి కిటికీ ఉండదు. సముద్రం మీద ఉండి సముద్రం కనబడని గది! మీ ఊరి నుంచి ఓడరేవు దాకా అయ్యే ఖర్చు సరేసరి. రిసార్టుకి కూడా ఇదే పరీక్ష పెట్టండి. మాల్దీవుల్లో విమానం దిగిన చోటి నుంచి దీవికి పడవో, నీటి విమానమో ఎక్కాలి. దాని ఖరీదు చిన్నది కాదు, చాలాసార్లు వేరుగానే వేస్తారు. అన్నీ కలిపి అన్న మాటలో ఏ అన్నీ అన్నది రాతమూలకంగా తీసుకోవాలి.

రెండోది ఋతువు. మన ముహూర్తాలు పంచాంగం ప్రకారం వస్తాయి, సముద్రం తన లెక్క ప్రకారం నడుస్తుంది. శ్రావణంలో పెళ్ళయితే ఆ నెలల్లో అరేబియా సముద్రం అల్లకల్లోలంగా ఉంటుంది. మాల్దీవుల్లోనూ వానలే. కార్తీక మార్గశిరాల్లో బంగాళాఖాతంలో తుపానుల భయం. వైశాఖంలో పెళ్ళయితే మనవాళ్ళు కొండలెక్కడమే సుఖం. మాఘ ఫాల్గుణాల్లో సముద్రం సామాన్యంగా శాంతంగా ఉంటుంది. బస్సులో ఘాట్ రోడ్డు ఎక్కితేనే కడుపులో తిప్పే పిల్లని ఓడెక్కించి నాలుగు రోజులు మంచాన పడేయకండి.

మూడోది భద్రత. 1912లో టైటానిక్ మునిగినప్పుడు అందులో రెండువేల రెండువందల మంది దాకా ఉంటే, ప్రాణరక్షణ పడవల్లో చోటు 1,178 మందికే. పెళ్ళయి ఈజిప్టు, పారిస్ చూసి తిరిగి వస్తున్న ఆస్టర్ దంపతులు అందులోనే ఉన్నారు. ఆయన అప్పటి అమెరికా ధనవంతుల్లో ఒకడు, ఆమెకి పద్ధెనిమిదేళ్ళు. ఆమె ఒక్కతే ఒడ్డు చేరింది. ఆ ఘోరం తరువాత 1914లో పలు దేశాలు కూర్చుని ఎక్కిన ప్రతి మనిషికీ పడవలో చోటు ఉండాలని ఒప్పందం రాసుకున్నాయి. 2012 జనవరి 13న ఇటలీ దగ్గర కోస్తా కాంకార్డియా ఒరిగి 32 మంది పోయారు. ఆ రోజు ఎక్కినవాళ్ళలో చాలామందికి అప్పటికింకా రక్షణ కసరత్తు చూపించనే లేదు. ఆ తరువాతే, ఓడ కదలకముందో కదిలిన వెంటనేనో ఆ కసరత్తు జరిగి తీరాలని నియమం పెట్టారు. మరి మనచోట? 2019 సెప్టెంబరు 15న గోదావరి వరద మీద ఉండగా కచ్చులూరు దగ్గర పాపికొండల పడవ మునిగింది. 77 మంది ఎక్కితే 26 మంది బతికి బయటపడ్డారు. మా ఖైరతాబాదు పక్కనున్న హుస్సేన్‌సాగరులో కూడా 1990 మార్చిలో బుద్ధ విగ్రహాన్ని మోస్తున్న పడవ ఒరిగి ప్రాణాలు పోయాయి. ఆ విగ్రహాన్ని మళ్ళీ పైకి తీసి నిలబెట్టేసరికి 1992 డిసెంబరు వచ్చింది. పెద్ద ఓడైనా, చిన్న లాంచీ అయినా నీరు నీరే. లైఫ్ జాకెట్టు వేసుకుంటే చీర నలుగుతుందని మానకండి. వరద రోజుల్లో సరదా వద్దు.

నాలుగోది తీరిక. ఓడ మీద రోజుకో ఊరు కనిపిస్తుంది, కానీ అది ఎప్పుడు ఆగుతుందో ఎప్పుడు కదులుతుందో ఓడవాళ్ళే చెబుతారు. ఆలస్యమైతే మనకోసం ఆగదు. జ్వరమొచ్చినా, ఇంటి దగ్గర పెద్దవాళ్ళకి బాగోలేదని కబురొచ్చినా మధ్యలో దిగలేం. రిసార్టులో రోజూ అదే చెట్టు, అదే ఒడ్డు. ఊరు చూసినట్టుండదు. కానీ పొద్దెక్కేదాకా పడుకోవచ్చు, నచ్చకపోతే ఒక రోజు ముందే బయలుదేరి రావచ్చు. ఇద్దరిలో ఒకరు కబుర్ల మనిషి, ఒకరు మౌనం మనిషి అయితే ఆ మౌనం అలవాటు కావడానికి కూడా నాలుగు రోజులు ఒకచోట ఉండాలి.

ఇవన్నీ బేరీజు వేస్తే నా మట్టుకు నాకు తోచేది ఇది. కొత్త దంపతుల మొదటి ప్రయాణం నేల మీద, ఒకచోట ఉండేది కావడం మేలు. అది మాల్దీవులే కానక్కర్లేదు. హార్సిలీ కొండలు కావచ్చు, అరకు కావచ్చు. నీటి ముచ్చట తీరాలంటే సాగరులో ఒక పూట లాంచీ ఎక్కవచ్చు. ఓడ ప్రయాణం పదేళ్ళ తరువాత పిల్లలతో, అత్తమామలతో వెళ్ళడానికి దాచుకోండి. అంతమంది ఉన్నప్పుడు వంటా, బసా, ఆటలూ ఒకచోట దొరకడంలో సుఖం ఉంది. ముఖ్యంగా వంట చేయక్కర్లేని ఇల్లాలికి!

అయినా అమ్మాయికి చిన్నప్పటినుంచి ఓడ ఎక్కాలని కోరిక ఉందంటే ఓడే ఎక్కించండి. నా సలహా అవతల పెట్టండి. ఎందుకంటే రిసార్టా ఓడా అన్నదానికంటే ముందు అడగవలసిన ప్రశ్నలు రెండున్నాయి. ఒకటి, అమ్మాయిని అడిగారా? రెండు, డబ్బు ఎవరిది?

ఇందాక అలకపాన్పుని జ్ఞాపకం పెట్టుకోమన్నాను. ఈమధ్య పెళ్ళి మాటల్లో ఒక కొత్త మాట వింటున్నాను. "కట్నం మాకేమీ వద్దండీ, పిల్లల్ని హనీమూన్‌కి మాత్రం మీరు పంపండి" అని. వినడానికి ఎంత పెద్దమనసు! ఆ తరువాత ఊటీ అన్నది మాల్దీవులు అవుతుంది, మాల్దీవులు యూరపు అవుతుంది. ఆడపిల్ల తండ్రి బ్యాంకు లోను కాగితాల మీద సంతకం చేస్తాడు. ఇది అలకపాన్పు కాక ఏమిటి? మన రాష్ట్రంలో కట్నాల మీద 1958లోనే చట్టం వచ్చింది. 1961లో దేశానికంతటికీ వచ్చింది. 1980లలో చేసిన సవరణలతో పెళ్ళికి ముందు అడిగినా, పెళ్ళప్పుడు అడిగినా, పెళ్ళయ్యాక అడిగినా ఒకటే అయింది. స్కూటరు రూపంలో అడిగితే తప్పు, టిక్కెట్టు రూపంలో అడిగితే ముచ్చటా? తండ్రి అప్పు మీద కొన్న కొబ్బరిచెట్టు నీడలో ఏ కూతురు సుఖంగా కూర్చోగలదు?

మనుగుడుపుల కాలంలో అల్లుడికి అన్నీ అమరేవి, కూతురి మాట ఎవరూ అడిగేవారు కాదు. చట్టాలు మార్చడానికీ, ఆడపిల్లలని చదివించడానికీ మన ముందుతరంవాళ్ళు వందేళ్ళు కష్టపడ్డారు. ఆ కష్టం ఫలితంగానే ఇవాళ ఒక అమ్మాయి పెట్టె సర్దుకుని, భర్త పక్కన సీటులో కూర్చుని బయలుదేరగలుగుతోంది. అలాంటప్పుడు ఆ ప్రయాణం ఎక్కడికో, ఎంతలోనో ఇద్దరూ కూర్చుని తేల్చుకోనివ్వాలి. తమ జీతాల్లోంచి నాలుగు నెలలు దాచుకుని, తాహతు చూసుకుని వెళ్ళనివ్వాలి. సంసారంలో అది వాళ్ళ మొదటి లెక్క. ఈ లెక్క కలిసి వేసుకున్నవాళ్ళు రేపు ఇంటి అద్దె లెక్కా, పిల్లల ఫీజుల లెక్కా కూడా కలిసే వేసుకుంటారు.

అమ్మాయిలకి ఒక చిన్న సంగతి. విదేశానికి వెళ్ళేట్టయితే పెళ్ళికి ముందే పాస్‌పోర్టు తీసుకోండి. పెళ్ళయ్యాక తీసుకున్నా మ్యారేజీ సర్టిఫికెట్టు తప్పనిసరి అన్న నియమాన్ని 2016 డిసెంబరులో తీసేశారు. పాస్‌పోర్టూ, టిక్కెట్టు నకలూ మీ చేతి సంచిలోనే పెట్టుకోండి. పెట్టె ఎవరు మోసినా ఫరవాలేదు, కాగితాలు మాత్రం మీ దగ్గర ఉండాలి.

తల్లులకి ఇంకో మాట. పిల్లలు బయలుదేరాక గంటగంటకీ ఫోను చేసి ఏం తిన్నారు, ఎక్కడున్నారు అని అడగకండి. మనుగుడుపుల్లో చుట్టాలందరూ చేసిన పని ఇప్పుడు ఫోను చేస్తోంది. చేరాక ఒక్క కబురు చాలు. వాళ్ళు తిరిగి వచ్చాక ఫోటోలు ఎలాగూ చూపిస్తారు, అప్పుడు కాఫీ పెట్టుకుని తీరిగ్గా చూద్దాం.